నల్లా అంటే నాలా అని రాశాను

కౌంటర్ ఎక్కేవాళ్లకు

సికింద్రాబాద్‌లో ఒక నీళ్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం కొత్త కనెక్షన్ల సెక్షన్‌లో, అందులోనూ రాయితీల కౌంటర్‌లో గడిచిపోయింది. ఈ మధ్య ఆ సీట్లో కొత్తగా వేసిన ఇద్దరు అమ్మాయిలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మేడం, ఆ కౌంటర్‌లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగారు. వాళ్లకు టీ ఇచ్చి, రూల్సు చదువుకోండి, ఓపిగ్గా మాట్లాడండి అని నాలుగు ముక్కలు చెప్పి పంపాను. పంపాక, చెప్పాల్సింది చెప్పలేదన్న బాధ పట్టుకుంది. చెప్పాల్సింది నా తప్పు గురించి. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను పుట్టు భయస్తురాలిని. తాళం వేసి మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తాళం లాగి చూసి గానీ బస్టాపుకి వెళ్లను. "నీకు జీతం ఇచ్చేది భయపడటానికేనా?" అని మావారు ఏడిపించేవారు. ఇంత భయం ఉన్నదాన్ని కాబట్టి నా చేతిలో పొరపాటు జరగదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

పని ఏమిటంటే ఇది. ఒక బస్తీలో కొత్త డ్రైనేజీ లైను వేశారంటే, ఆ వీధిలో ప్రతి ఇల్లూ డ్రైనేజీ కనెక్షనూ నీటి కనెక్షనూ తీసుకు తీరాలి. పాత సెప్టిక్ ట్యాంకు మూసేయాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా నోటీసు వస్తుంది. ఇంటి కొలతను బట్టి చార్జీ, రోడ్డు తవ్వినందుకు ఒక చార్జీ, మీటరుకు ఒక చార్జీ, అన్నీ కలిపి ఒక కాగితం మీద వస్తాయి. ఆ కాగితం పట్టుకుని జనం మా కౌంటర్ దగ్గరికి వస్తారు. తెల్ల రేషన్ కార్డు ఉండి, ఇల్లు చిన్నదైతే రాయితీ ఉంటుంది. మిగిలినవాళ్లు కిస్తీల్లో కట్టుకోవచ్చు. ఈ రెండు దారులు ఉన్నాయని వాళ్లకు చెప్పి, ఫారం నింపి, పైకి పంపి, మంజూరయ్యేదాకా వెంటపడటమే నా ఉద్యోగం. వినడానికి చాలా తేలిక.

గొంతు తగ్గించడం

కష్టం ఎక్కడుందో నాకు మొదట తెలిపింది తెల్ల కార్డు వాళ్లు కాదు, సైనిక్‌పురి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మిలిటరీలో చేసి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా, నిటారుగా నడక. చుట్టూ జామచెట్లున్న పెద్ద ఇల్లు, కాబట్టి చార్జీ కూడా పెద్దదే. లైనులో తన వంతు వచ్చినా వెనకవాళ్లకు దారి ఇస్తూ పక్కకి జరిగిపోతున్నాడు. అలా అందర్నీ పంపించి, భోజనాల వేళ కౌంటర్ ఖాళీ అయ్యాక దగ్గరకొచ్చాడు.

నేను మామూలుగా నా గొంతుతో, "కిస్తీలు కావాలా సార్?" అన్నాను. నా గొంతు అప్పట్లో బాగా పెద్దది. ఆయన ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ప్యూను తప్ప ఎవరూ లేరు.

"కొంచెం నెమ్మదిగా మాట్లాడమ్మా. మా కాలనీవాళ్లు కూడా వస్తుంటారు ఇక్కడికి" అన్నాడు. భార్యకు డయాలిసిస్ జరుగుతోందని, పెన్షనంతా అటే పోతోందని చెప్పడానికి ఆయనకు పావుగంట పట్టింది. ఆయన్ను చూశాక నేను ఫారాన్ని ముందుకు జరిపి, వేలితో కిస్తీల గడి చూపించడం నేర్చుకున్నాను. నోటితో అడిగేదాన్ని కాదు. ఇల్లు ఉన్నవాడి దగ్గర డబ్బు కూడా ఉంటుందని ఊరంతా అనుకుంటుంది. ఆ మాట పోకుండా ఉండటానికి వాళ్లు పడే అవస్థ నేను కళ్లారా చూశాను. కౌంటర్ ఎక్కేవాళ్లు మొట్టమొదట తగ్గించుకోవాల్సింది గొంతు.

సరే, ఇదంతా నేను బాగా చేసిన పని. ఇక చెప్పాల్సింది చెబుతాను.

లాలాగూడ అంజమ్మ

మాది తెనాలి వైపు. నాన్న వ్యాపారం కోసం సికింద్రాబాద్ వచ్చేటప్పటికి నాకు పదేళ్లు. ఇంట్లో మేము నీళ్లు వచ్చేదాన్ని కుళాయి అంటాం. ఇక్కడ దాన్నే నల్లా అంటారు. వాననీళ్లు, మురుగునీళ్లు పోయే పెద్ద కాలువను నాలా అంటారు. ఇన్నేళ్లున్నాక ఆ తేడా తెలియక కాదు. బజార్లో నేనూ నల్లా అనే అంటాను. కానీ ఆ రెండు మాటలూ నాకు తర్వాత వచ్చినవి. అలవాటైనవే తప్ప, మా ఇంట్లో పుట్టినవి కావు.

లాలాగూడలో రైల్వే క్వార్టర్లు దాటాక ఒక సందు ఉంది. అక్కడ కొత్త లైను పడింది. రాయితీ అప్లికేషన్లకు నెలాఖరు గడువు. ఆ చివరి వారం మా కౌంటర్ దగ్గర జాతరలా ఉండేది. అంజమ్మ ఆ రద్దీలోనే వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి, రిటైరైన ఏడాదికే పోయాడు. ఆయన కట్టిన రెండు గదుల రేకుల ఇల్లు ఆమెకు మిగిలింది. చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతోంది. పింఛన్ కొంత వస్తుంది, కానీ భర్త జబ్బుకి చేసిన అప్పులకే అది చాలడం లేదు.

"మొత్తం ఒక్కసారే కట్టాలంటే నాతోని కాదమ్మా. రాయితీ ఇస్తరంట కదా, జెర రాసి పెట్టు" అంది.

కార్డు ఉంది, ఇల్లు చిన్నది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫారంలో చివరి గడి ఇంటి గుర్తు. కొలతలకు వెళ్లేవాళ్లు ఇల్లు పట్టుకోవడానికి అది. "మీ ఇంటి ముందు ఏముందండీ?" అని అడిగాను.

"మా ఇంటి ముంగటనే నల్లా ఉన్నది. సందంత ఆ నల్లా నీళ్లే పడ్తరు" అంది.

మా ఫారాలు ఇంగ్లీషులో నింపాలి. విన్నది సరిగ్గానే విన్నాను. రాసేటప్పుడు ఎన్, ఏ, ఎల్, ఏ అని రాశాను. రెండు ఎల్‌లు రాయాల్సిన చోట ఒక్కటే రాశాను. ఆమె ఇంటి ముందు నల్లా కాస్తా నాలా అయిపోయింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను చూపించినచోట వేలిముద్ర వేయకుండా, నింపాదిగా తెలుగులో సంతకం చేసింది. రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, "నీ కడుపు సల్లగుండ" అని వెళ్లిపోయింది.

ఎర్ర గీత

రెండు వారాల తర్వాత, ఒక మంగళవారం, కౌంటర్ తెరవగానే అంజమ్మ నిలబడి ఉంది. మనిషి వడలిపోయింది.

"అమ్మా, మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతోని గీత కొట్టి, ఏందో నంబరు రాసి పోయిండ్రు. నాలా మీద ఇల్లు కట్టినవట, కూలగొడ్తమంటున్నరు. మా దగ్గర నాలా ఎక్కడుందమ్మా? మా ఆయన ముప్పై ఏండ్ల కింద కొన్న జాగ అది."

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లి ఫైలు తీశాను. రాయితీ ఫారం మీద తిరస్కరించినట్టు ముద్ర ఉంది. పక్కన ఒక కాగితం. నాలా పక్కనున్న ఇళ్ల దరఖాస్తులు ఏవి వచ్చినా, ఒక నకలు నాలాల సంగతి చూసే వేరే విభాగానికి పంపాలని అప్పటికి కొత్తగా ఉత్తర్వు వచ్చింది. ఎవరో ఆ గడి చదివి, ఉత్తర్వు ప్రకారం నకలు పంపేశారు. వాళ్లు ఉత్తర్వు ప్రకారం వెళ్లి గీత కొట్టారు. ఎవరి పని వాళ్లు చేశారు. ఆ గడిలో ఉన్నది నా చేతిరాత.

బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డాను. బయటికి వెళ్లి ఆమెతో ఏం చెప్పాలి? పొరపాటు నాదేనని అక్కడే చెప్పొచ్చు. అది ఒక్క నిమిషం పని. నేను చెప్పలేదు. "ఏదో పొరపాటు జరిగిందండీ. నేను కనుక్కుంటాను. రెండు రోజులు ఆగండి" అన్నాను.

"రెండు దినాలు నాకు లేవమ్మా" అంది. ఎర్ర గీత పడిన మర్నాడే ఒక ప్లాట్ల బ్రోకర్ ఇంటికి వచ్చాడట. ఎలాగూ కూలిపోయే ఇల్లు, ఇప్పుడైతే ఎంతో కొంతకు కొంటాను, తర్వాత ఆ కొంత కూడా రాదు అన్నాడట. శుక్రవారం ఇంటి కాగితాలు తీసుకుని వస్తే సంతకాలు చేయించుకుని డబ్బు చేతిలో పెడతానన్నాడు. "ఊకె పోయేకంటే వచ్చిందే తీసుకుందామని నా మనసు అంటున్నది. నువ్వేమంటవ్?"

"వెళ్లకండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి" అన్నాను.

"ఎందుకు?"

అప్పుడైనా చెప్పాల్సింది. "నేను చూస్తున్నానుగా" అని మాత్రం అన్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసి వెళ్లింది. ఆ మాటను ఆమె ఎందుకు నమ్మాలో నాకే తెలియదు.

మేనేజరు మాట

మా మేనేజరు నర్సింగ్‌రావు గారు పాత సికింద్రాబాద్ మనిషి. చెడ్డవాడు కాడు. లంచం ముట్టడు, కిందివాళ్లను తిట్టడు. ఆయనకున్నదల్లా ఒకటే కోరిక, రిటైరయ్యేదాకా ఏ ఫైలూ తన మీద పడకూడదు. మర్నాడు పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"శారదమ్మా, ఎందుకు పరేషాన్ అయితవ్? ఆ పెద్దమనిషితోని కొత్త అప్లికేషన్ పెట్టించు. ఈసారి మంచిగ రాయి. పాతది పడి ఉండనీ."

"గడువు పోయిన నెలాఖరుకే అయిపోయింది సార్. కొత్తది పెడితే రాయితీ రాదు. చార్జీ మొత్తం కట్టాలి. ఆమె కట్టలేదు. పైగా గోడ మీద గీత అలాగే ఉంటుంది."

"అయితే ఇన్‌స్పెక్టర్‌ను పంపు. ఆ ఇంటి ముంగట నాలా లేదని రాసుకొని రమ్మను."

"నాలా లేదని రాస్తే చాలదు సార్. పూడ్చేసి కట్టారంటారు."

ఆయన తలూపాడు. నిజమే. మన ఊళ్లో నాలాలు పూడ్చి ఇళ్లు కట్టడం అందరికీ తెలిసినదే. కనిపించలేదంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. నాలా అన్న మాట ఫారంలోకి ఎలా వచ్చిందో ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకోవాలి, ఆ ఇంటి ముందు నిజంగా నల్లా ఉందని చూపించాలి. రెండూ కావాలి.

"ఒప్పుకుంటే నీకు మెమో వస్తది. ఎంక్వయిరీ సుత వేయొచ్చు. నీకు ఇంక ఎన్నేండ్ల సర్వీసు ఉన్నది?" అని అడిగాడు. చెప్పాను. "ఆలోచించుకో. ముందుగాల నల్లా ఉన్నదని ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తే. తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆ మాట నాకు చల్లగా తగిలింది. రిపోర్టు వస్తే ఒప్పుకోకుండానే పని అయిపోతుందేమోనన్న ఆశ పుట్టింది. ఈ ఆశ గురించే మీకు చెప్పాలనుకున్నాను. తప్పు జరిగిన క్షణం కంటే, ఒప్పుకోకుండా గట్టెక్కొచ్చేమో అనుకున్న ఆ రెండు రోజులే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తాయి.

నల్లా పీకిన రోజు

ఇన్‌స్పెక్టర్ యాదగిరి మంచి పనిమంతుడు. గురువారం మధ్యాహ్నం లాలాగూడ వెళ్లాడు. నేను డబ్బా తెరిచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో ఫోను మోగింది.

"మేడం, అంజమ్మ ఇంటి ముంగటనే ఉన్న. ఇక్కడ నల్లా లేదు."

"లేకపోవడం ఏమిటి యాదగిరీ? సందంతా ఆ నీళ్లే పట్టుకుంటారట!"

"ఉండెనట మేడం. ఇయ్యాల పొద్దుగాల మన కాంట్రాక్టర్ మనుషులొచ్చి పీకేసిన్రు. ఇండ్లకు కనెక్షన్లు వచ్చినయి కదా, ఇగ వీధి నల్లా ఎందుకని. గద్దె సుత పగలగొట్టిన్రు. ఇప్పుడు పెద్ద గుంత ఉన్నది, దాంట్ల మురికినీళ్లు నిలిచినయి. నిజం చెప్పాల్నంటే మేడం, ఇప్పుడైతే నాలా తీర్గనే కనబడ్తున్నది."

అతను నవ్వాడు. నేను డబ్బా మూత పెట్టేశాను. ఇళ్ల కనెక్షన్లు మంజూరైన వీధిలో వీధి నల్లా తీసేయాలని ఉత్తర్వు పంపేది మా సెక్షనే. ఆ కాగితం టైపు చేయించి పంపింది నేనే. నేను రాసిన తప్పుకు ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నేను పంపిన ఉత్తర్వే పీకేసింది.

"నల్లా ఉండేదని రాయొచ్చు కదా?" అని అడిగాను.

"కళ్లతోని చూడంది నేనెట్ల రాయాలె మేడం? రేపు నన్ను పట్టుకుంటరు" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను.

ఆ పూట కౌంటర్ దగ్గర ఎవరికి ఏం చెప్పానో గుర్తులేదు. ప్రతి ఫారంలో ప్రతి మాటా రెండుసార్లు రాసి కొట్టేశాను. బ్రోకర్ ఇచ్చిన గడువు మర్నాడే. ఇంటికి వెళ్లాక మావారితో కూడా చెప్పలేదు. గ్యాసు కట్టేశానా అని ఆరుసార్లు చూసి వచ్చాను.

శుక్రవారం

శుక్రవారం ఆఫీసుకి వెళ్లకముందే ఆటో మాట్లాడుకుని లాలాగూడ వెళ్లాను. ఏం చెప్పాలో ఆటోలో వరసగా అనుకుంటూ వెళ్లాను. సందులోకి ఆటో పోదన్నాడు, దిగి నడిచాను. రేకుల ఇల్లు కనిపించింది. సున్నం గోడ మీద ఎర్రగా అడ్డంగా గీత, కింద నంబరు. యాదగిరి చెప్పిన గుంత ఉంది. దాన్ని దాటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్కింటి ఆవిడ బట్టలు ఆరేస్తోంది. అంజమ్మ ఎటు వెళ్లిందని అడిగాను. "ఇంటి కాగితాల సంచి పట్టుకొని పొద్దుగాలనే పోయింది. ఎటనేది చెప్పలే" అంది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ బ్రోకర్ ఎవరో, ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలియదు. మంగళవారం నాడు ఆ పేరైనా అడగలేదు. ఫోను నంబరు ఫారంలో ఉండాలి కదా అనుకున్నాను. ఆమెకు ఫోను లేదు, ఆ గడి ఖాళీగా వదిలింది కూడా నేనే. అదే ఆటోలో ఆఫీసుకి తిరిగొచ్చాను. దారిపొడుగునా సంచి పట్టుకుని నడిచే ప్రతి ముసలావిడా ఆమెలాగే కనిపించింది.

నా కౌంటర్ ముందు బెంచీ మీద అంజమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ సంచి. నన్ను చూడగానే లేచింది. మంగళవారం ఉన్న బెదురు ఇప్పుడు లేదు. బాగా కోపంగా ఉంది.

"ఏందమ్మా మీ ఇన్సాఫు, ఇదేం న్యాయం? నాకు కనెక్షన్ ఇయ్యరు. ఉన్న నల్లా సుత పీకేసి పోతరు. నీళ్లు ఎక్కడికెళ్లి తెచ్చుకోవాలె? నిన్నటిసంది నాలుగిండ్ల ముంగట బిందె పట్టుకొని నిలబడ్డ. ఇల్లు ఎట్లనూ అమ్ముకొని పోతున్న, పోయేముంగట ఇది మీ ముఖాన కొట్టి పోదామని వచ్చిన" అని సంచిలో చెయ్యి పెట్టింది. ఇంటి కాగితాల పక్కనుంచి ఒక బరువైన వస్తువు తీసి నా బల్ల మీద పెట్టింది. దబ్బుమని చప్పుడైంది. ఫైళ్లు చూసుకుంటున్నవాళ్లు తలలెత్తారు.

నల్లా. కింద ఇనప గొట్టం ముక్కతో సహా. వాడి వాడి పిడి అరిగి మెరుస్తోంది. కాంట్రాక్టర్ మనుషులతో కొట్లాడి ఇప్పించుకుందట. గొట్టానికి తీగతో కట్టి చిన్న రేకు బిళ్ల ఉంది. దాని మీద నంబరు కొట్టి ఉంది.

ఆ నంబరు చూశాక నాకు రిజిస్టరు గుర్తొచ్చింది. వీధి నల్లా ఎక్కడ పెట్టినా దానికి మా ఆఫీసు ఒక నంబరిచ్చి, ఎవరి ఇంటి ఎదురుగా పెట్టారో రిజిస్టరులో రాసుకునేది. ఆ రిజిస్టరు మా సెక్షన్ బీరువాలోనే, మంగళవారం నేను పట్టుకుని నిలబడ్డ తలుపు వెనకే ఉంది. మూడు రోజులు అది నా బుర్రకు తట్టలేదు. భయం మనిషిని జాగ్రత్తపరుడిని చేస్తుందని నేను అనుకునేదాన్ని. నన్ను మాత్రం మొద్దును చేసింది.

పరుగెత్తి తెచ్చాను. అట్ట ఊడిపోయింది, కాగితాలు పచ్చబడ్డాయి. నంబరు దొరికింది. ఎదురుగా నా కంటే ముందు ఆ సీట్లో పనిచేసిన ఎవరిదో గుండ్రటి చేతిరాత. లాలాగూడ, ఫిట్టర్ మల్లయ్య ఇంటి ముందు. రెండు ఎల్‌లతో నల్లా అని శుభ్రంగా రాసి ఉంది.

"ఇది మీ ఆయన పేరేనా?" అని అడిగాను.

"మా ఆయనదే. ఆఫీసుల సుట్టు తిరిగి ఆ నల్లా పెట్టించిందే ఆయన" అంది అంజమ్మ. ఆమె కోపం కాస్త తగ్గింది. "అయితే ఏంది?"

నా ముంగట రాయి

ఇప్పుడు నల్లా ఉందనడానికి రుజువు దొరికింది. మేనేజరు చెప్పినట్టు, రుజువు పెట్టి మిగతాది నసిగేయొచ్చు. పొరపాటున నమోదైంది అని రాస్తే సరిపోతుందేమో కూడా. ఎవరి పొరపాటో ఎవరూ అడగకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చిందని దాచను. బల్లకు అవతల ఆమె నిలబడి ఉంది. ఒక చెయ్యి నల్లా మీద, ఇంకో చెయ్యి ఇంటి కాగితాల సంచి మీద.

"అంజమ్మ గారూ, మీ ఇంటి ముందు నాలా ఉందని రాసింది నేను. మీరు నల్లా అన్నారు. నేను తప్పు రాశాను. ఆ ఎర్ర గీత పడింది నా వల్లే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. కానీ ఆమెకు వినపడింది.

"ఏది? చూపియ్యి" అంది.

ఫారం తీసి ఆ గడి చూపించాను. ఇది ఒక ఎల్, ఇక్కడ ఇంకో ఎల్ ఉండాలి అని చెప్పాను. ఆమె బల్ల మీదకి వంగి చూసింది. కుట్టుపని మనిషి కదా, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు కళ్లు చికిలించి చూసింది. వేలు ఆ అక్షరం మీద పెట్టింది.

"గింతనా?"

"అంతేనండీ."

"గీ సన్నగీత లేనందుకా నా గోడ మీద గంత గీత కొట్టింది?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. "మంగళవారం నాడు నీకు ఎరుకేనా, ఇది నువ్వే రాసినవని?"

"ఎరుకే" అన్నాను. మొదటిసారి ఆ మాట ఆమె మాటలోనే నా నోట వచ్చింది.

"ఎరుకుండి సుత నాకు చెప్పలే."

"చెప్పలేదు. భయపడ్డాను."

"నీకెందుకమ్మా భయం? ఇల్లు నాదాయె."

బెంచీ చూపించి కూర్చోమన్నాను.

ఆమె బెంచీ మీద కూర్చోలేదు. ఫారం నా వైపు తోసింది. "రాయి. ఇప్పుడు రాయి. నా ముంగట రాయి" అంది.

ఆఫీసు కాగితం మీద ఊరికే అక్షరం చేర్చకూడదు. పాత మాట కొట్టేసి, పైన సరైన మాట రాసి, పక్కన సంతకం, తేదీ వేయాలి. అలా చేశాక ఆ తప్పు ఎవరిదో ఫైలు ఉన్నంతకాలం కనిపిస్తుంది. పాత మాట కొట్టేశాను. ఎన్, ఏ, ఎల్, ఎల్, ఏ అని ఒక్కో అక్షరం పైకి చదువుతూ రాశాను. సంతకం పెట్టాను. వేరే కాగితం తీసుకుని, ఇది నా చేతి తప్పని, దీనివల్ల ఆ ఇంటికి తప్పు గుర్తు పడిందని, దరఖాస్తును మొదటి తేదీతోనే లెక్కించాలని రాశాను. రిజిస్టరు, కాగితం, నల్లా మూడూ పట్టుకుని నర్సింగ్‌రావు గారి గదిలోకి వెళ్లాను. అంజమ్మ కూడా పిలవకుండానే నా వెనకే వచ్చింది.

ఆయన కాగితం చదివాడు, నల్లాను చూశాడు, నా వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. "ఆలోచించుకునే రాసినవా?" అని నన్ను అడిగాడు. అవునన్నాను. కళ్లజోడు తీయకుండానే సంతకం పెట్టాడు. ఆయన తన చేతికి మరక అంటుకునే పని చేయడం నా సర్వీసులో చూసింది ఆ ఒక్కసారే. మర్నాడు నాకు మెమో కూడా ఆయన సంతకంతోనే వచ్చింది. అదీ సబబే.

గది బయటికి వచ్చాక అంజమ్మ సంచి తెరిచి ఇంటి కాగితాలు లెక్క చూసుకుంది. మళ్లీ ముడి వేసింది. "జెరంతల పోతుండె" అని తనలో తాను అనుకుని, బ్రోకర్ దగ్గరికి కాకుండా ఇంటికి వెళ్లే బస్సెక్కింది. నల్లా మా ఆఫీసుకు వదల్లేదు. సంచిలో వేసుకుని పోయింది.

రాయితీ మంజూరైంది. మిగిలిన కొంచెం కిస్తీలు చేసుకుంది. ఎర్ర గీత కొట్టినవాళ్లు తుడపడానికి రాలేదు. నేను మూడు ఉత్తరాలు రాశాను. చివరికి కనెక్షన్ ఇచ్చిన రోజున ఆమే సున్నం తెచ్చి పూసుకుంది. పల్చగా ఇంకా కనబడుతోందని యాదగిరి చెప్పాడు.

తర్వాత ప్రతి కిస్తీకీ ఆమె నా కౌంటర్‌కే వచ్చేది. పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా అటు పోయేది కాదు. నేను రసీదు రాసి చేతికిస్తే తీసుకునేది కాదు. "చదువు" అనేది. పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, సందు పేరు, అన్నీ పైకి చదివేదాన్ని. లైనులో వెనకున్నవాళ్లు విసుక్కునేవారు. ఆమె తలుపు గడియ పడిందో లేదో వింటున్నట్టు తల వంచి వినేది. ఆ తర్వాత నేను ఎవరి ఫారం నింపినా పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. రిటైరయ్యే రోజు దాకా మానలేదు. ఆ ఇద్దరు అమ్మాయిలకు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కే.

చివరి కిస్తీ కట్టిన రోజున, ఇక ఈమె రాదు కదా అని నాకు కొంచెం తేలిగ్గానూ కొంచెం దిగులుగానూ ఉంది. రసీదు రాశాను. అడగకముందే చదివాను. అంజమ్మ విని, కాగితం అందుకుని మడవబోయి ఆగింది. నన్ను క్షమించిందేమోనని చూశాను. కాగితాన్ని మళ్లీ నా ముందు పెట్టింది.

"ఇంకొక్కసారి చదువమ్మా" అంది.